రెండు వైపులా బలం సమానం కాని ఆటలో న్యాయం ఉంటుందా? పులి-మేక ఆడి పెరిగినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఇద్దరు పిల్లలకీ చెస్ వచ్చు. ఈ ఎండాకాలం సెలవుల్లో ఇంకో ఆట నేర్పాలనుకుంటున్నారు, థడ్ అనే విదేశీ ఆట గురించి విన్నారు. అందులో ఒకరికి 8 పావులు, రెండోవాళ్లకి 32 అని తెలిశాక మీకు అనుమానం వచ్చింది. ఇదేం న్యాయం, ఇది మన పులి-మేక లాంటిదేనా, ఎప్పుడూ ఒకే పిల్లవాడు ఓడిపోయి ఏడవడా అని అడిగారు.

ఏడుస్తాడు. నేనూ ఏడ్చాను. కానీ ఆ ఆట అన్యాయం కాదు, ఎందుకు కాదో చెప్పాలంటే ముందు పులి-మేక దగ్గరే మొదలుపెట్టాలి, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే, థడ్ నేను నేర్చుకుంది ఈ మధ్యనే.

మా అమ్మమ్మ వాళ్లది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆ ఊరి గుడి మండపంలో నేలరాయి మీద పులి-మేక గీతలు ఉలితో చెక్కి ఉండేవి, ఎవరు చెక్కారో ఎప్పుడు చెక్కారో ఎవరూ చెప్పలేదు, అరిగిపోయి వేలితో తడిమితేనే తెలిసేవి. వేసవి మధ్యాహ్నాలు అక్కడ రాయి చల్లగా ఉండేది. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. అందరు పిల్లల్లాగే నాకూ పులే కావాలి. అమ్మమ్మ ఇచ్చేది కాదు. "ముందు మేకలు కాయడం నేర్చుకోరా, పులి ఎవడైనా ఆడతాడు" అనేది. రోజూ నా మేకల్ని తినేసేది. మనవడని ఒక్క మేకని కూడా వదిలేది కాదు. ఒకరోజు నేను పిక్కలు విసిరేసి ఏడుస్తుంటే అవన్నీ ఏరుకొచ్చి మళ్లీ నా ముందే పోసి, "మేక చావదురా, నువ్వే చంపుకుంటున్నావు. వెనక ఖాళీ చూసుకో" అంది. ఆ ఒక్క మాట నాకు అర్థమవడానికి రెండు వేసవులు పట్టింది.

ఆట తెలియనివాళ్ల కోసం గీత ఎలా వేయాలో చెప్తాను, సుద్దముక్క ఉంటే చాలు. పైన ఒక చుక్క, దాన్ని మేం కొండ అంటాం. ఆ కొండ నుంచి కిందికి విసనకర్ర పుల్లల్లా నాలుగు ఏటవాలు గీతలు. అడుగున ఆ నాలుగింటి కొసల్నీ కలుపుతూ ఒక అడ్డగీత. కొండకీ అడుగు గీతకీ మధ్యలో మూడు అడ్డగీతలు, అవి ఏటవాలు గీతల్ని దాటి రెండు పక్కలా కొంచెం బయటికి రావాలి. ఎడమ పక్క బయటికొచ్చిన మూడు కొసల్నీ ఒక నిలువు గీతతో కలపండి, కుడి పక్కా అంతే. గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టండి. కొండ 1, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23 రావాలి. రాకపోతే ఎక్కడో గీత తప్పింది, మళ్లీ వేయండి, తప్పు గీత మీద ఆడితే ఆట చెడిపోతుంది.

మా ఊరి పద్ధతిలో మూడు పులులు ముందే ఎక్కుతాయి, ఒకటి కొండ మీద, రెండు దాని కిందే, మొదటి అడ్డగీత మీద మధ్య రెండు చుక్కల్లో. తర్వాత మేకలవాళ్లు ఒక్కో మేకని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దించుతారు, ఒక మేక దిగగానే ఒక పులి కదులుతుంది. 15 మేకలూ దిగేవరకు ఏ మేకా కదలకూడదు. పులి గీత వెంట పక్క చుక్కకి వెళ్లొచ్చు, లేదా పక్కనే మేక ఉండి, అదే గీతలో మేక వెనక చుక్క ఖాళీగా ఉంటే దూకి మేకని తినొచ్చు. ఒక ఎత్తులో ఒక్క మేకే. పులులు మూడింటికీ కదలడానికి దారి లేకుండా కట్టేస్తే మేకలది గెలుపు. ఐదు మేకలు పోతే పులులది గెలుపు అని మా ఇంట్లో లెక్క. మీ ఇంట్లో వేరే లెక్క ఉండొచ్చు, పక్క ఊరికే మారిపోతుంది ఇది.

ఇప్పుడు మీ న్యాయం ప్రశ్నకి వస్తాను. దీన్ని నాకంటే బాగా తేల్చింది మా మేనల్లుడు.

పోయిన వేసవిలో అక్కావాళ్లు విజయవాడ పటమటలో మా ఫ్లాట్‌కి వచ్చారు. వాడికి పదకొండేళ్లు, చెస్ కోచింగ్‌కి వెళ్తాడు, ఫోన్‌లో కూడా చెస్సే. ఒక సాయంత్రం కరెంటు పోయింది, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది, బాల్కనీలో చార్ట్ పేపరు పరిచి పులి-మేక గీసిచ్చాను. వంటింట్లోంచి చింతపిక్కలు తెచ్చాడు, పులులకి మూడు సీసా మూతలు. నాలుగు ఆటలు మేకలతో ఓడిపోయాక చెస్ పిల్లల్లాగే లెక్కలు మొదలుపెట్టాడు. పైన ఎడమ మూలలో, అంటే మొదటి అడ్డగీత ఎడమ కొసలో, పులి ఉందనుకుందాం అన్నాడు. దానికి రెండే దారులు, ఒకటి పక్కకి, ఒకటి కిందికి. ఆ రెండు చుక్కల్లో మేకలు పెడితే సరిపోదు, వాటి మీంచి దూకేస్తుంది కాబట్టి వాటి వెనక ఇంకో రెండు మేకలు కావాలి. అంటే మూల పులిని కట్టడానికి 4 మేకలు. మరి కొండ మీది పులి? దానికి నాలుగు దారులు, వాటి వెనక నాలుగు చుక్కలు, 8 మేకలు. కొండ మీద ఒక పులి, పై మూలలు రెండింటిలో రెండు పులులు ఉంటే ఎనిమిదీ నాలుగూ నాలుగూ పదహారు. "మామయ్యా, పదహారు కావాలి, మనకిచ్చింది పదిహేనే. ఈ ఆటే తప్పు" అన్నాడు, గట్టిగా, కోపంగా.

నేనేమీ మాట్లాడలేదు. పులుల్ని అలాగే పెట్టి మేకలు పేర్చమన్నాను. సెల్‌ఫోన్ లైటు వెలుగులో ఒక్కో పిక్కా పెడుతున్నాడు. మొదటి అడ్డగీత మీద నాలుగు ఏటవాలు గీతల చుక్కల్లో నాలుగు. రెండో అడ్డగీత మీద నాలుగు. అక్కడికి కొండ పులి అయిపోయింది. ఇక ఎడమ మూల పులికి నాలుగు పెట్టబోయి చెయ్యి ఆపేశాడు. దాని పక్క దారిలో మేక అప్పటికే ఉంది, ఆ మేక వెనకా ఉంది. కింద దారిలో రెండు పెడితే చాలు. కుడి మూలకీ అంతే, రెండు. ఎనిమిది, రెండు, రెండు. పన్నెండు. ఇంకా మూడు పిక్కలు వాడి గుప్పిట్లోనే మిగిలాయి. వాడు ఆ గుప్పిట తెరిచి చూసుకున్న తీరు నేను మర్చిపోలేను.

ఒకే మేక రెండు పులులకి అడ్డం నిలుస్తుందన్నమాట. ఈ రకం ఆటల్లో న్యాయం ఉండేది అక్కడే అని నా నమ్మకం. పావుల లెక్క చూసి 3కి 15 అనో 8కి 32 అనో బెంగపడతాం, కానీ ఒక వైపు బలం పావు లోపల ఉంటుంది, రెండో వైపు బలం పావుల మధ్య ఉంటుంది. పులి ఒంటరిగానే పులి. మేక ఒంటరిగా ఉంటే పులికి తిండి, వెనక ఇంకో మేక ఉంటే గోడ. చెస్‌లో ఇద్దరూ ఒకే రకం ఆలోచన చేస్తారు కాబట్టి పిల్లలకి ఈ తేడా తెలిసే అవకాశం తక్కువ.

మీ పిల్లలు మొదట్లోనే విసిగిపోకుండా ఉండాలంటే మేకలవైపు ఒక్క చిట్కా చెప్పండి, మిగతాది వాళ్లే పట్టుకుంటారు. కొండని పక్కన పెడితే బోర్డు మీద ఆరు చుక్కల్లో మేకని ఎప్పటికీ ఎవరూ తినలేరు. రెండు పక్కల నిలువు గీతల పైకొసలూ కిందికొసలూ నాలుగు, అడుగు గీత రెండు చివర్లు. అక్కడ ప్రతి గీతా ఆగిపోతుంది, పులి దూకడానికి వెనక చోటే లేదు. మొదటి ఆరు మేకలూ అక్కడ దించమనండి. ఆ ఆరూ నిండితే వాటి మధ్యన ఉన్న నాలుగు, అంటే పక్క గీతల నడిమి చుక్కలు రెండూ, అడుగు గీత మధ్య చుక్కలు రెండూ కూడా గట్టిపడతాయి, ఎందుకంటే వాటి మీంచి దూకితే పడాల్సిన చోట అప్పటికే మన మేక ఉంటుంది. అలా పది మేకలు ఒక్క ప్రాణం పోకుండా దిగుతాయి. తర్వాత ఆ గోడని ఆనుకుని లోపలికి ఒక్కోటి. దూరపు చుక్క ముందు, పులికి దగ్గరి చుక్క తర్వాత. కొత్తవాళ్లంతా దీన్ని తిరగేసి చేస్తారు, పులి కనపడగానే దాని ముందు మేకని పెట్టేస్తారు. నేను ఆ రెండు వేసవులూ చేసింది అదే.

అయితే ఎదుటివాళ్లు కూడా ఊరుకోరు, తెలివైన పులి ఆ ఆరు చుక్కల్లో ఒకదాంట్లో తనే వచ్చి కూర్చుంటుంది. కూర్చోనివ్వండి, మూలకొచ్చిన పులికి నాలుగు మేకలు చాలని ఇందాకే చూశాం. అసలు టెన్షన్ 15వ మేక దిగాక మొదలవుతుంది. ఒక్క మేకా పోకపోతే బోర్డు మీద 18 పావులు, ఖాళీలు ఐదే, మేకలవైపు తప్పనిసరిగా ఏదో ఒక మేకని కదపాలి, కదిపితే కట్టిన గోడలో కన్నం పడుతుంది. అందుకే అమ్మమ్మ ఎప్పుడూ ఒక మేకని ఊరికే అటూ ఇటూ జరుపుకునే చోటు ఒకటి అట్టేపెట్టుకునేది. మనకి అది వృథా ఎత్తులా కనిపిస్తుంది, కానీ అవతల పులి దారులు ఒక్కోటిగా మూసుకుపోతూ ఉంటాయి.

ఇక థడ్. ఇది 2002లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఆట. కొత్తదే అయినా దాని మూలం పాతది, ఉత్తర ఐరోపా వాళ్లు వందల ఏళ్ల కిందట ఆడిన ఆటల కుటుంబం. ఆ కుటుంబంలో రాజు మధ్యలో ఉంటాడు, చుట్టూ కొద్దిమంది రక్షకులు, బయట అంతకి రెట్టింపు ముట్టడిదారులు, రాజు తప్పించుకోవాలి. థడ్‌లో రాజు బదులు ఎనిమిది ట్రోల్‌లు, మన భాషలో రాకాసులు అనుకోండి, బోర్డు నట్టనడిమి గడిలో ఉండే రాయి చుట్టూ ఉంటాయి. 32 మంది మరుగుజ్జులు బోర్డు అంచున నిలబడతారు. రాకాసి మామూలుగా ఒక్క అడుగే వేస్తుంది కానీ పక్కన వచ్చిన మరుగుజ్జుని తీసేయగలదు. మరుగుజ్జు చెస్‌లో మంత్రిలా ఎంత దూరమైనా వెళ్తాడు కానీ అలా వెళ్లి ఎవరినీ కొట్టలేడు. వరసగా నిలబడిన మరుగుజ్జులు తమ ముందున్నవాణ్ని ఆ వరస ఎంత పొడుగుంటే అంత దూరం వరకు విసిరి రాకాసి మీద పడేయగలరు, వాళ్లు దెబ్బ కొట్టేది అలాగే. వరస అంటే ఏమిటో మేకలు ఆడినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా వాడు రెండో ఎత్తుకే "ఇవి మేకలే మామయ్యా" అనేశాడు.

కొనాలా అని అడిగారు కదా, ముందు గీసుకోండి. నేను బీసెంట్ రోడ్డులో రెండు చార్టులు, పూసల పొట్లం కొన్నాను, మొత్తం ఆట అంతే. 15 గడులు నిలువు, 15 అడ్డం గీసి, నాలుగు మూలల్లోంచీ మెట్లలాగా 5, 4, 3, 2, 1 గడులు కొట్టేయండి. మూలకి 15 చొప్పున 60 పోతే 165 గడుల ఎనిమిది పలకల బోర్డు మిగులుతుంది, నడిమి గడి రాయికి. అంచు గడులు 36 వస్తాయి, నాలుగు తిన్నని పక్కల నట్టనడిమి గడి ఒక్కోటి వదిలేస్తే సరిగ్గా 32, అవే మరుగుజ్జుల చోట్లు. నేను మొదటిసారి ఒక మూలలో మెట్టు తప్పు కోశాను, ఒక ఆటంతా ఆడాక గానీ మరుగుజ్జులు ఎందుకు సర్దుకోవడం లేదో తెలియలేదు. కాబట్టి కోసే ముందు లెక్కపెట్టండి. పిల్లలకి నచ్చి, నెల తర్వాత కూడా ఆడుతుంటే అప్పుడు మంచి సెట్టు కోసం చూడొచ్చు.

థడ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది లెక్క కట్టే తీరు. ఒక్క ఆటతో గెలుపు తేల్చరు. ఒకసారి ఆడి, వైపులు మార్చుకుని మళ్లీ ఆడాలి, రెండు ఆటల లెక్కా కలపాలి. మిగిలిన మరుగుజ్జుకి 1, మిగిలిన రాకాసికి 4. ఎనిమిది నాలుగులు 32, అవతల 32 ఒకట్లు. రెండు వైపులా పెట్టుబడి సమానం చేసి మరీ మొదలుపెట్టారు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది, ఎందుకంటే మండపంలో మా అమ్మమ్మ చేసింది ఇదే. నాకు చేయి తిరిగాక "తిప్పు" అనేది, నేను పులులు, తను మేకలు. నువ్వు నావి ఎన్ని తిన్నావు, నేను నీవి ఎన్ని తిన్నాను, రెండూ కలిపి చూసి ఎవరి మేకలు తక్కువ పోతే వాళ్లే గెలిచినట్టు. పులితో గెలిచి మీసం తిప్పితే ఒప్పుకునేది కాదు. మీ ఇద్దరు పిల్లలకీ మొదటి రోజు నుంచే ఈ పద్ధతి పెట్టండి, ఏడుపు సగం అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే ఓడినవాడికి వెంటనే అవే పులులు చేతికొస్తాయి.

లెక్కప్రకారం కూడా ఇలాంటి ఆటలు ఒక పక్కకి ఒరిగి ఉండాలని లేదు. నేపాల్‌లో మన ఆటకి చుట్టం ఒకటి ఉంది, బాగ్-చాల్, 25 చుక్కలు, 4 పులులు, 20 మేకలు, ఐదు మేకల్ని తింటే పులుల గెలుపు. పరిశోధకులు దాన్ని కంప్యూటర్‌తో చివరిదాకా లెక్కగట్టి, ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే డ్రా అని తేల్చారు. ఎక్కడో కొండల్లో పశువులు కాసుకునేవాళ్లు ఆడుకున్న ఆట అంత తూకంగా ఉందంటే ఎన్ని తరాలు దాన్ని సరిచేసుకుంటూ వచ్చాయో అనిపిస్తుంది నాకు.

ఆ తూకం ఎంత సుకుమారమో చెప్పే సంగతి ఇంకోటి ఉంది, ఇది కూడా మీకు పనికొస్తుంది. ఇందాక చెప్పిన రాజు-ముట్టడి ఆటల్లో ఒకదాని పేరు టాబ్లుట్. 9కి 9 గడులు, రాజు, ఎనిమిది మంది రక్షకులు, పదహారు మంది ముట్టడిదారులు. 1732లో లిన్నేయస్ అనే స్వీడన్ కుర్రాడు, తర్వాత మొక్కలకీ జంతువులకీ శాస్త్రీయ నామాలు పెట్టి పేరు తెచ్చుకున్నాడే ఆయనే, ఐరోపా ఉత్తర కొసలోని లాప్‌లాండ్ తిరుగుతూ అక్కడివాళ్లు ఆడుతుంటే చూసి తన డైరీలో నియమాలు రాసుకున్నాడు. 1811లో ఆ డైరీ ఇంగ్లీషులోకి వచ్చింది. అనువాదంలో రాజుని పట్టే నియమం దగ్గర తప్పు పడింది, దాన్ని నమ్మి ఆడినవాళ్లకి రాజే ఎప్పుడూ గెలుస్తున్నట్టు కనిపించింది. ఆటలో తప్పు లేదు, ఒక్క మాట మారింది, అంతే. ఆయన రాసిపెట్టకపోతే అసలు ఆ మాత్రం కూడా మిగిలేది కాదు.

మా అమ్మమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఒకే వరసని ఇద్దరూ పదే పదే తిప్పుతుంటే ఆట ఎక్కడ ఆపాలి అన్నదానికి ఆవిడ దగ్గర ఏదో లెక్క ఉండేది, "ఇక చాలు, కట్టు" అని పిక్కలు ఎత్తేసేది, ఎన్ని ఎత్తుల తర్వాత ఆపుతుందో నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు మేం పది ఎత్తులు అని పెట్టుకున్నాం, అది మా సొంత నియమం, ఆవిడది కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, అత్తగారైనా నాన్నగారైనా, పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెట్టి ముందు పులి-మేక ఆడించండి. పులులు ఎక్కడ మొదలవుతాయి, ఎన్ని మేకలు పోతే ఆట అయిపోతుంది, ఎత్తులు తిరిగి తిరిగి వస్తే ఏం చేస్తారు, ఈ మూడూ అడిగి చార్టు వెనక్కి రాయించండి. థడ్ ఆ తర్వాత పెట్టండి, వారం చాలు, వాళ్లే పట్టేస్తారు. మొదటి ఆటలో మాత్రం చిన్నవాడికి మరుగుజ్జుల్నే ఇవ్వండి, అడిగినా రాకాసుల్ని ఇవ్వకండి.